బాత్‌రూమ్ క్యూలో డేగ

"ఈసారి పిస్టల్ అక్కర్లేదు. పైజామా చాలు," అన్నాడు చీఫ్.

డేగకి అర్థం కాలేదు. సీక్రెట్ సర్వీస్‌లో అతని కోడ్‌నేమ్ అది. పరిగెత్తే రైలు మీద తన్నులాడినవాడు, బాంబు వైరు కత్తిరిస్తూ ఈల వేసినవాడు. అలాంటి మనిషికి చీఫ్ చదివిన తర్వాతి మాటలతో చెవులు ఎర్రబడ్డాయి.

"నీ కవర్: పేషెంటు. పెద్దపేగు క్యాన్సర్ అనుమానం. మూడు నెలలుగా మలంలో రక్తం పడుతోంది. మాటిమాటికీ బాత్‌రూమ్‌కి పరుగు. వెళ్ళొచ్చినా కడుపు ఖాళీ అయినట్టుండదు. గుర్తుంటుందా?"

గుర్తుండకేం! అక్షరాలా అతని సొంత కథే అది. మూడు నెలలుగా లోపలే దాచుకున్నాడు. డాక్టరుకి చెప్పలేదు, కట్టుకున్న భార్యకీ చెప్పలేదు. చెప్పాలనుకున్న ప్రతిసారీ నోరు పెగల్లేదు.

ఆ భార్య ఎక్కడో లేదు. అదే గదిలో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చుంది. కంట్రోల్ రూమ్ ఆపరేటర్, కోడ్‌నేమ్ కోకిల. ఆ ఆఫీసులో పక్షులకి కొదవ లేదు లెండి.

"బాగా నటించండి మరి. అసలే మీకు మొహమాటం ఎక్కువ," అంది కోకిల నవ్వుతూ.

డేగ తల దించుకున్నాడు.

చీఫ్ గొంతు సవరించుకున్నాడు. "ఆ ఆస్పత్రి ల్యాబ్‌లో ఒక చిప్ ఉంది. ఎవరి గడ్డ ఇంజెక్షన్లతోనే కరిగిపోతుంది, ఎవరికి కత్తి తప్పదు అన్నది ముందే తేల్చే పరిశోధన మొత్తం అందులో ఉంది. దాన్ని ఎత్తుకుపోయి, ఇక్కడి కాపీలు చెరిపేయాలని 'బ్లాక్ నీడిల్' అనే విదేశీ ముఠా ప్లాను. అదే జరిగితే ఆ వార్డులో అందర్నీ కొయ్యాల్సిందే, అక్కర్లేనివాళ్ళని కూడా. తోడుగా మన ఏజెంట్ నెమలి వస్తుంది. ఇంకో మాట. పేషెంటు కట్టుగానీ ఒంటికి తగిలించిన బ్యాగుగానీ విప్పాలంటే కారణం రేడియోలో పైకి చెప్పాలి, అందరూ వినాలి. ఆస్పత్రివాళ్ళ షరతు అది. అనుమానం అంటే ఒప్పుకోరు."

మర్నాడు పొద్దున నెరిసిన విగ్గుతో, చొక్కా గుండీలో మైకుతో డేగ వార్డులో చేరాడు. పక్క మంచం మీద నెమలి. ఆస్పత్రి గౌన్లో కూడా లిప్‌స్టిక్ చెక్కుచెదరలేదు. ఆపరేషన్ అయిన పేషెంటు వేషం ఆమెది. కోసి కుట్టిన పేగు మానేదాకా చిన్నపేగు చివరని పొట్ట మీదికి తెచ్చి బ్యాగు తగిలిస్తారు. మలం అందులో పడుతుంది.

"ఎంత బాగా అతికించారో చూస్తావా?" అంటూ ఆమె గౌను అంచు ఎత్తబోయింది.

డేగ చటుక్కున కిటికీ వైపు తిరిగిపోయాడు.

"అబ్బో! ఇంత సిగ్గరి గూఢచారిని నేనెక్కడా చూళ్ళేదు," అని కిలకిలా నవ్వింది నెమలి. ఇద్దరూ కలిసే టిఫిన్ తిన్నారు.

రౌండ్స్‌కి వచ్చిన సర్జన్ ఎదురు మంచం మీది డ్రిల్లు మాస్టారికి చెబుతోంది. "కొత్త బ్యాగు కదండీ, తిన్న కాసేపటికే నిండుతుంది. మాటిమాటికీ ఖాళీ చేసుకోవాల్సిందే." తర్వాత డేగ వైపు తిరిగింది. అతను పాఠం ఒప్పజెప్పాడు. అబద్ధమని పేరు పెట్టేసరికి ఎంత సులువుగా వచ్చిందో! భార్య దగ్గర పెగలని నోరు ఇక్కడ గలగలా మాట్లాడింది. ఆ సంగతి తలుచుకుంటే అతని మీద అతనికే అసహ్యం వేసింది.

వార్డంతటికీ బాత్‌రూములు వరండా చివరే ఉన్నాయి. డేగ అక్కడికి వెళ్తూనే ఉన్నాడు, వస్తూనే ఉన్నాడు.

"ఏం నాయనా, మళ్ళీనా? నీకు బ్యాగైనా లేదే!" అన్నాడు క్యూలో మాస్టారు.

"ఏం చెప్పమంటారు మాస్టారూ," అన్నాడు చెమట తుడుచుకుంటూ.

అంతలో సైరన్ మోగింది. చిప్ మాయం! కాపీలన్నీ చెరిపేశారు! గేట్లు మూసేసి, బయటికెళ్ళే ప్రతి మనిషినీ తడిమి చూస్తున్నారు.

"ల్యాబ్ టెక్నీషియన్ గోడ దూకాడు! వెంటపడుతున్నా," అంది రేడియోలో నెమలి. గేటు దగ్గర గార్డులు ఆపితే ఆమె తొణక్కుండా పొట్ట మీద చెయ్యి వేసింది. "బ్యాగు. చూస్తారా?"

గార్డులు గబుక్కున మొహాలు తిప్పుకున్నారు. వరండాలోంచి చూస్తున్న డేగ కూడా తిప్పుకున్నాడు. అప్పుడు తట్టింది అతనికి. ఛీ! పొద్దున్న కిటికీ వైపు తిరిగాను, ఇప్పుడూ తిరిగాను. ఆమె నమ్ముకున్నది దీన్నేగా!

"ఆమెని ఆపండి! బ్యాగు విప్పాలి!" అని మైకులో అరిచాడు.

"మన నెమలినా? నీకేమైనా మతిపోయిందా? కారణం చెప్పు," అన్నాడు చీఫ్.

"టిఫిన్ తిన్నాక ఆమె ఒక్కసారి కూడా బాత్‌రూమ్‌కి రాలేదు సార్. నిజంగా పేషెంటైనా, వేషం నిలబెట్టుకోవాలన్నా రావాలిగా. ఖాళీ చెయ్యాలంటే తెరవాలి. తెరవడం ఆమెకి ఇష్టం లేదు."

"నువ్వు చూడనప్పుడు వెళ్ళుంటుంది. పొద్దుట్నుంచీ బాత్‌రూమ్ ముందు కాపలా కాశావా ఏంటి?"

గేటు బయట నెమలి కోసం ఓ నల్లకారు తలుపు తెరుచుకుంది. లైన్లో గార్డులున్నారు, టీమంతా ఉంది, కోకిల ఉంది. సిగ్గుతో డేగ ప్రాణం చచ్చిపోతోంది. ఆగితే వార్డంతా కత్తి కిందికి పోతుంది.

"కాశాను సార్. కవర్ కోసం కాదు. నాకు నిజంగానే మూడు నెలలుగా రక్తం పడుతోంది. పొద్దుట్నుంచీ ఆ క్యూలోనే ఉన్నాను. బ్యాగున్నవాళ్ళంతా నా ముందునుంచే వెళ్ళొచ్చారు, ఆమె తప్ప."

ముందుగా వినిపించింది కోకిల గొంతే.

"కారణం రికార్డయింది. గార్డ్స్, విప్పండి."

నెమలి ఒక కాలు అప్పటికే కార్లో పెట్టింది. లేడీ గార్డు ఆమె జబ్బ పట్టి వెనక్కి లాగింది. బ్యాగులో దూది, దూదిలో చిప్.

సర్జన్ దాన్ని అందుకుని డేగని ఎగాదిగా చూసింది. "అందుకేనా అంత బాగా నటించారు! పదండి లోపలికి. రేపే పేగులోకి కెమెరా పంపి చూస్తాం. ఈ చిప్‌లో విద్య మీకూ పనికొస్తుందేమో చూద్దాం."

"శభాష్! మిషన్ సక్సెస్. కవర్ తీసేసి వచ్చెయ్," అన్నాడు చీఫ్.

"రావడానికి వీల్లేదు," అంది కోకిల. "మూడు నెలలా? పక్కనే ఉన్నాను కదండీ... నాకు చెప్పడానికి కూడా రేడియో కావాల్సొచ్చిందా?"

"తప్పయిపోయింది," అన్నాడు డేగ. కోడ్‌నేములూ రూళ్ళూ ఏవీ గుర్తు రాలేదు.

ముక్కు చీదిన చప్పుడు లైనంతా వినిపించింది.

"రేపు కెమెరా పరీక్షకి ముందు కడుపు శుభ్రమవడానికి మందునీళ్ళు తాగమంటారు. జగ్గు మొత్తం తాగండి. సింకులో పారబోశారో, నా సంగతి తెలుసుగా! ఓవర్."