కొండప్ప పెట్టె మీద అప్పీల్

"టైమ్ లేదు అమర్‌నాథ్. పన్నెండింటికి హియరింగ్!" పెనుకొండ గెస్ట్‌హౌస్‌లో గూఢచారి అమర్‌నాథ్ ముందు అతని చీఫ్ ఫైలు బల్లమీద విసిరికొట్టాడు.

ధర్మవరం నేతగాడు కొండప్ప మగ్గానికి కంప్యూటర్ ఉంది. కరెంటు పోయిందంటే దాని సెట్టింగ్స్ అన్నీ ఎగిరిపోయి చీర డిజైన్ పాడయ్యేది. వాటిని దాచిపెట్టి, కరెంటు రాగానే ఆగిన పోగు దగ్గర్నుంచే మగ్గం నడిపించే పెట్టెను కొండప్ప సొంతంగా తయారుచేశాడు. ఒక విదేశీ ముఠా దాన్ని కాపీ కొట్టి, సిగ్గులేకుండా పేటెంట్ కూడా తెచ్చుకుంది. ఇవాళ దానిమీద అప్పీల్. ఓడితే కొండప్ప తన పెట్టెను తనే ముట్టుకోకూడదు.

"వాళ్లు కొత్త సాక్ష్యం పెడుతున్నారు. హిందూపురం లాడ్జిలో ఉంది. మన ఏజెంట్ చందన వాళ్ల మనిషిలా నటిస్తూ అక్కడే ఉంది. కోడ్‌వర్డ్ 'పట్టుపోగు'."

అమర్‌నాథ్ ఏసీ మెకానిక్ వేషంలో లాడ్జికి వెళ్లాడు. ఖరీదైన సెంటు గుప్పుమంటూ చందన తలుపు తీసింది.

"పట్టుపోగు," అన్నాడు.

ఆమె నవ్వి, ఫోన్ మోగడంతో బాల్కనీలోకి వెళ్లింది. అమర్‌నాథ్ లాప్‌టాప్ తెరిచాడు. ట్రయల్స్ నమోదుచేసే లాగ్‌ఫైల్! కొండప్ప వీధిలోనే అద్దె మగ్గం మీద పెట్టె తొలి ట్రయల్, 2022 ఫిబ్రవరి 1. కొండప్పకంటే ఆర్నెల్లు ముందు. కళ్లారా చూసిన సాక్షి: చందన.

అతని ఒళ్లు మండిపోయింది. చొక్కా గుండీలోని కెమెరా క్లిక్‌మంది. వెనకనుంచి పిస్టల్ వీపుకు తగిలింది.

"సిగ్గులేదూ నీకు?" అన్నాడు పళ్లు కొరుకుతూ.

"సిగ్గుతో సెంటు కొనలేం, అమర్!"

అతను చేతిలోని ఏసీ గ్యాస్ సిలిండర్ ఆమె మొహంమీదికి తిప్పి వదిలి, కిటికీలోంచి దూకేశాడు. అతని ఫోన్ గదిలోనే పడిపోయింది. ఇక జీపులో వెళ్లి చెప్పడమే దిక్కు.

ధర్మవరం చేరేసరికి కొండప్ప ఇంట్లో వీడియో హియరింగ్ ముగుస్తోంది. తెరమీద ఒకపక్క జడ్జి, ఇంకోపక్క లాడ్జినుంచి చందన. జడ్జి ఆర్డర్ చదవబోతున్నారు. అమర్‌నాథ్ గుండీ కెమెరాలోని ఫోటో చూపించి, వాదనంతా ఇంగ్లీషులో సాగడంతో కొండప్పకు అందని ఆ తేదీని తెలుగులో చెప్పాడు.

పాత పంచాంగం తిరగేసిన కొండప్ప మొహం ఎర్రబడింది.

"ఆగండి సారూ! ఆ పొద్దు అమావాస్య! అమావాస్యనాడు మా వీధిలో ఏ మగ్గమూ ఆడదు. కడిగి పూజ చేస్తామే గాని నేసేది ఉండదు. ఈమె యాడ చూసిందంట? రెండేండ్లు కండ్లు పోగొట్టుకొని చేసినా నేను!"

వెనక నిలబడ్డ నేతగాళ్లంతా "నిజం సారూ!" అని అరిచారు.

"ఎవరి మగ్గం అది? పేరు చెప్పండి," జడ్జి చందనను అడిగారు.

ఆమె మరుక్షణం కెమెరా ఆపేసింది. లాగ్ దొంగదని తేల్చి, జడ్జి పేటెంట్ రద్దు చేశారు. కొండప్ప పెట్టెమీద చెయ్యి వేసుకుని ఏడ్చేశాడు.

పారిపోతున్న చందనను పెనుకొండ దగ్గర పట్టుకున్నారు. అమర్‌నాథ్ కోపం ఇంకా చల్లారలేదు.

"దొంగ రికార్డుకు అంత సాఫ్ట్‌వేర్ వాడారే! హిందూపురంలో ఏ కిరాణా కొట్లో అడిగినా క్యాలెండర్ ఊరికే ఇచ్చేవాళ్లు కదా!"