ఎరగా వదిలిన గుర్రం

"మా మాస్టారే నన్ను ముంచేసేరండి," అంటూ కుర్చీలో కూలబడింది అశ్విని.

చోడవరం మెయిన్ రోడ్డు మీది తన ఆఫీసులో డిటెక్టివ్ సంధ్యారాణి టీ గ్లాసు ఆమె ముందుకు జరిపింది. పక్కనున్న అసిస్టెంటు ఉదయ్‌కుమార్ సంధ్యారాణి భర్త కూడా. పెళ్లయి నెల కాలేదు. భార్య ప్రశ్నలు వేస్తుంటే చూడటమే అతనికో ముచ్చట.

జిల్లా చెస్ ఫైనల్లో అశ్విని ప్రవల్లిక అనే అమ్మాయి చేతిలో ఓడిపోయింది. ఆట మొదట్లోనే గుర్రాన్ని ఎరగా వదిలే ఓపెనింగ్ అశ్వినిది. ఆ గుర్రాన్ని చంపినవాళ్లు చిక్కుకుపోతారు. ప్రవల్లిక దాని జోలికే పోకుండా పక్క బంటును నడిపింది. ఆ విరుగుడు తెలిసింది అశ్వినికీ, నేర్పిన గణపతిరావు మాస్టారికీ మాత్రమే.

"అందరి ముందూ ఆయన్ని దొంగ అనేసేను. నిజం తేల్చండి. నాదే తప్పయితే కాళ్లు పట్టుకుంటాను."

దారిలో భార్యాభర్తలు ఒకే గ్లాసు చెరకు రసాన్ని రెండు స్ట్రాలతో తాగారు. మాస్టారింటి గుమ్మంలో ఆయన భార్య అచ్చియ్యమ్మ ఎదురైంది. వీళ్లెవరో కనుక్కుని లోపలికి కేకేసింది.

"ఏవండీ, సంధ్యారాణి గారూ, ఆళ్లాయన ఉదయ్‌కుమారూ వచ్చేరు!"

"రాయే గుంటా, కూకో," అన్నాడు మాస్టారు.

చిన్నపిల్లని పిలిచినట్టు పిలిచేసరికి ఉదయ్ నవ్వాపుకోలేకపోయాడు. "డిటెక్టివుగారు గుంటైపోయేరు!" అన్నాడు భార్య చెవిలో.

సంధ్యారాణి నవ్వలేదు. కాసేపు మాట్లాడాక అడిగింది. "నా పేరేటి మాస్టారూ?"

"గుంట పేరు గుంటే!" అని ఆయన నవ్వేశాడు.

"ఫైనల్ ముందు మీరు ఊరెళ్లేరా పిన్నీ?"

"ఒక్క ఆదివారం. మా సెల్లికి బాగోలేదంటే దేవరాపల్లి ఎళ్లేను," అంది అచ్చియ్యమ్మ. ఆమె చూపు నేల మీదికి దిగింది.

సాయంత్రం సంధ్యారాణి అశ్వినినీ, ప్రవల్లికనీ రప్పించి అందర్నీ ఆ ఇంట్లోనే కూర్చోబెట్టింది.

"ప్రవల్లికా, ఆ ఆదివారం నువ్విక్కడికి వచ్చేవు కదూ?"

"చెస్ క్లాక్ అడగడానికండి. 'రాయే గుంటా, నిన్న సగంలో ఆపేసేం' అని మాస్టారు గుర్రం ఎత్తూ, దాని విరుగుడూ చూపించేసేరు. నా మీద ముచ్చటేమో అనుకున్నాను."

"నిన్ను అశ్విని అనుకున్నారు," సంధ్యారాణి గొంతు తగ్గించింది. "ఆయనకి మనుషులు గుర్తుండటం లేదు. గుంటా అంటే ఏ ఆడపిల్లకైనా సరిపోతుంది, పేరు తెలియక్కర్లేదు. అందుకే వచ్చినవాళ్ల పేర్లు పిన్ని గుమ్మంలోనే కేకేసి చెబుతారు. ఆ రోజు చెప్పేవాళ్లు లేరు."

అచ్చియ్యమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "తెలిస్తే పిల్లల్ని పంపరని దాసేనమ్మా. ఆట లేపోతే ఈయనేటైపోతారో అని."

అశ్విని మాస్టారి కాళ్ల మీదికి వంగబోయింది. ఆయన చెయ్యి పట్టి ఆపి బోర్డు ముందుకు జరిపాడు.

"ఏడుపెందుకే? ఆడు."

ఆమె ఆడింది. గుర్రాన్ని వదిలింది. మాస్టారి ముఖం వెలిగిపోయింది.

"భలే ఎత్తు! ఎవరు నేర్పేరమ్మా నీకు?"

అశ్విని కుర్చీ ఆయన దగ్గరికి జరుపుకుంది. "ఈ ఊళ్లోనే ఒక మాస్టారండి. శానా మంచోరు."

"ఓపాలి తీసుకురా ఆయన్ని," అన్నాడు మాస్టారు ఆశగా. "కలిసి ఆడుకుంటాం."