తల వంచిన ముద్ర

ఇంజినీరు తదొకొరో సెయిజి చనిపోయి కూడా మీటింగు మానలేదు. సోమవారం తొమ్మిది గంటల ఆన్‌లైన్ సమావేశానికి అందరికన్నా ముందు హాజరైంది ఆయనే. కుర్చీలో వెనక్కి వాలి, కళ్లు తెరుచుకుని, కదలకుండా కూర్చున్నాడు. మిగతా పదకొండు మందీ ఆయన నెట్ స్తంభించిందనుకుని పావుగంట సేపు పనుల గురించి మాట్లాడుకున్నారు. చివరికి ఎవరో ఆయనకి ఫోన్ చేశారు. ఆయన బల్ల మీద ఫోన్ మోగడం పదకొండు తెరల్లోనూ వినిపించింది.

మర్నాడు ఒసాకాలో ఒక అద్దెగదిలో కుజుమి తెత్సురో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. అతనికి నలభై ఆరేళ్లు. ప్రభుత్వ రహస్య విభాగంలో ఇరవై ఏళ్లుగా ఏజెంటు. తెర మీద అతని చీఫ్ మురౌచి ఉన్నాడు. పైన కోటు, టై. కింద ఏం వేసుకున్నాడో ఆయనకే తెలియాలి.

"గుండెపోటని డాక్టరు రాశాడు. మెడ వెనక సూది గుర్తుందని మనవాడు రాశాడు. ఇద్దరిలో మనవాడి జీతం తక్కువ. అందుకే నేను అతన్నే నమ్ముతున్నాను" అన్నాడు చీఫ్.

"కొంగ పనేనా సార్?"

"కొంగే. పార్సిల్ తెచ్చినవాడి వేషంలో వచ్చి వెళ్లింది."

కొంగ అంటే ఒక విదేశీ ముఠా. కదలకుండా నెలల తరబడి కాచుక్కూర్చుంటారని విభాగంలో ఆ పేరు పెట్టుకున్నారు. ఒసాకాలో దాని పెద్ద విక్టర్ లాండ్, పైకి యంత్రాల సలహాదారు.

"విషయం విను. ఎల్లుండి, గురువారం పదింటికి, తదొకొరో సంస్థ కడుతున్న కొవిడ్ వార్డు సైట్‌లో రిమోట్ క్రేన్ ప్రదర్శన. ఆరు దేశాల కొనుగోలుదార్లు ఇళ్లలోంచి చూస్తారు. అది చెడగొట్టి, మన క్రేన్‌ల పరువు తీసి, వాళ్ల దేశం సరుకు అమ్ముకోవాలని కొంగ ఎత్తు. ఎలా చేస్తారో మాత్రం తెలీదు. నీ మనిషి ఏమంటోంది?"

"ఒరియె ఇంకా ఏమీ పసిగట్టలేదు. సార్, రెండేళ్లయింది. ఇది అవగానే ఆమెని వదిలేస్తామని మాటిచ్చాను."

"మాటిచ్చింది నువ్వు, నేను కాదు." చీఫ్ ఒక్క క్షణం కళ్లజోడు తుడుచుకున్నాడు. "సరే. గురువారం పని గట్టెక్కించు. శుక్రవారం నుంచి ఆమె ఎవరో మనకి తెలీదు."

ఆ మాట కోసమే కుజుమి ఆర్నెల్లుగా ఎదురు చూస్తున్నాడు. హతనాకా ఒరియె ఆ నిర్మాణ సంస్థలో కంప్యూటర్ నమూనాకి అధిపతి. కట్టబోయే భవనం బోల్టుతో సహా ముందు ఆమె తెర మీద లేస్తుంది. తరువాతే నేల మీద. రెండేళ్ల కిందట కొంగ ఆమెని కొనబోతే, ఆమె సరేనని వాళ్లకి చెప్పి, సాయంత్రానికి వచ్చి కుజుమికి అంతా చెప్పేసింది. అప్పటి నుంచి రెండు పక్షాలకీ పనిచేస్తోంది. ఇలాంటి బతుకులో మనిషి ఎన్నాళ్లు మిగులుతుందో కుజుమికి తెలుసు. ఆమె ప్రాణాలతో బయటపడాలి. ఈ ఉద్యోగంలో అతను తన కోసం కోరుకున్నది అదొక్కటే.

గూఢచారులకి అంత సుఖమైన కాలం మళ్లీ రాదు. దేశమంతా ముసుగులు వేసుకుని తిరుగుతోంది. కుజుమి ఆ సైట్‌లో కొవిడ్ జాగ్రత్తల అధికారి. మాస్కు, దాని మీద ప్లాస్టిక్ తెర, తలకి హెల్మెట్. కన్నతల్లి ఎదురైనా పోల్చుకోలేదు. చేతిలో జ్వరం చూసే తుపాకీ. ఒకసారి నొక్కితే జ్వరం చెబుతుంది. వెంటనే రెండోసారి నొక్కితే ముందు నుంచి మత్తుసూది వెళ్తుంది. రోజుకి రెండు వందల నుదుళ్లకి గురిపెట్టి రెండోసారి నొక్కకుండా ఉండటమే అతని కొలువులో కష్టమైన భాగం.

గురువారం ఎనిమిది గంటలకి కూలీలు రేడియో సంగీతానికి చేతులూపుతూ రోజువారీ కసరత్తు ముగించారు. దూరదూరంగా నిలబడి చేసేసరికి వాళ్లు సైట్ అంతా పరుచుకున్నారు. ఒరియె గేటు దగ్గరికి వచ్చింది. ముదురు నీలం కోటు, దాని మీద కొత్త వెండి పిన్ను. మాస్కు కింద ఎర్రటి లిప్‌స్టిక్ వేసుకుంటుందని ఆ సైట్‌లో అతనికొక్కడికే తెలుసు. ఒకేఒక్కసారి, క్యాన్ కాఫీ తాగుతుంటే చూశాడు. ఎవరూ చూడనిదానికి ఎందుకండీ అంత శ్రద్ధ అంటే, "చూసేవాళ్ల కోసం వేసుకుంటే అది మేకప్, జ్వరంగారూ. ఇది నాకోసం" అంది.

అతను తుపాకీ పెట్టాడు. "ముప్పై ఆరూ పాయింట్ నాలుగు."

అది ప్రశ్న. జవాబు "చలేస్తోంది" అయితే ప్రమాదం. "నిన్నటిలాగే" అయితే క్షేమం.

"నిన్నటిలాగే" అంది ఒరియె. ఒక్క క్షణం ఎక్కువ నిలబడింది. "మీరు కాఫీ తాగారా?"

"ఇంకా లేదు."

"తాగండి. ఎండ వచ్చినట్టుంది గానీ గాలి మంచిది కాదు" అని లోపలికి వెళ్లిపోయింది. తదొకొరో ఆమెకి పని నేర్పిన గురువు, ఆయన పోయి మూడు రోజులే అయింది, దుఃఖంలో ఉందనుకున్నాడు కుజుమి. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవాడు కూడా ప్రేమ ఉన్నచోట ఇలాగే మొద్దుబారిపోతాడు.

పదికి ఇరవై నిమిషాలుందనగా మేస్త్రీ షిగెనో గేటు దగ్గర ట్యాబ్లెట్‌తో కుస్తీ పడుతున్నాడు. అరవై ఏడేళ్ల మనిషి. నలభై ఏళ్లు ఈల వేసి క్రేన్‌లు నడిపించాడు. ఇప్పుడు క్రేన్ కొమ్ము మీది గదిలో మనిషి లేడు. కరోనా వచ్చాక ఆపరేటర్ పది కిలోమీటర్ల దూరంలో ఆఫీసులో తెరల ముందు కూర్చుంటున్నాడు. మేస్త్రీ ఈలని జేబులో పెట్టుకు తిరుగుతున్నాడు, అంతే.

"ఏమయ్యా డాక్టరూ, ఇది పెద్దది ఎలా చెయ్యాలి? నువ్వు చదువుకున్నవాడివి కదా."

"దేన్ని?"

"పెద్దాయన ఆఖరి ముద్రని. శనివారం వేశాడట. ఒకసారి దణ్ణం పెట్టుకుందామని."

కుజుమి రెండు వేళ్లతో పెద్దది చేశాడు. ఈ రోజు క్రేన్ ఎత్తే రెడీమేడ్ ఉక్కు గది ప్లాను, దాని కింద ఆమోదం గడులు. నిరుడు కాగితాలన్నీ పోయి, సంతకం బదులు వేసే పేరుముద్రలు కూడా కంప్యూటర్‌లోకి వెళ్లాయి. కుడి నుంచి మూడు గడులు: షిగెనో, ఒరియె, అన్నిటికన్నా ఎడమన పెద్దవాడు తదొకొరో. మేస్త్రీ హెల్మెట్ తీసి తల వంచబోయి ఆగిపోయాడు.

"ఇదేం చోద్యం! ఈయన వంగాడేమిటి?"

"ఏం వంగాడు?"

"ఏ ఊరివాడివయ్యా నువ్వు! కిందవాళ్లు ముద్ర ఎలా వేస్తారు? కాస్త ఎడమకి వాల్చి, పైవాడికి వంగి దణ్ణం పెట్టినట్టు. చూడు, నాది వంగింది. ఆ అమ్మాయిది వంగింది. కాగితం పోయినా మర్యాద పోకూడదని ఇందులో కూడా ముద్ర వాల్చే మీట పెట్టారు. తదొకొరోగారు అందరికన్నా ఎడమన ఉండేవాడు. ఆయనకి పైన ఎవడున్నాడని వంగడానికి? ఇరవై ఏళ్లలో ఆయన ముద్ర పక్కకి వాలగా నేను చూడలేదు."

కుజుమి మూడో ముద్రనీ రెండో ముద్రనీ పక్కపక్కన పెట్టి చూశాడు. ఒకే వంపు. వెంట్రుకవాసి తేడా లేదు.

తదొకొరో పేరున ఆ ముద్ర వేసింది ఒరియె. శనివారం తేదీ దొంగది. ఆయన చనిపోయాక, ఆయన గడిలోకి వెళ్లి, ఆయన ముద్రని ఆయనకే దణ్ణం పెట్టించింది.

"మేస్త్రీగారూ, ఈ ప్లానులో ఏం మారింది? తొందరగా!"

షిగెనో కళ్లజోడు నుదుటి మీదకి తోసి చదివాడు. అతని ముఖంలో రక్తం లేదు. "గది బరువు ఆరు టన్నులని ఉంది. తొమ్మిదయ్యా అది! ఇంకా... గుడారాలేవీ? పక్కన రోగుల గుడారాలుండాలి కదా, ఇందులో ఖాళీ నేల చూపిస్తోంది. వీళ్లు క్రేన్‌ని అటు మీదుగా తిప్పుతారు. అంత దూరం చాస్తే తొమ్మిది టన్నులకి ఈ క్రేన్ నిలవదు. పడిపోతుంది!"

ఆస్పత్రి ఆవరణలో, కంచెకి అవతల, తెల్లటి గుడారాల్లో ముప్పై రెండు మంది రోగులున్నారు. మంచాల మీది నుంచి లేవలేనివాళ్లు.

కుజుమి ఆపరేటర్ గదికి ఫోన్ చేశాడు. సిగ్నల్ లేదు. వైర్‌లెస్‌లో బర్రుమని రొద. సైట్‌లో సిగ్నళ్లన్నిటినీ ఎవరో నొక్కేశారు. ఒక్క క్రేన్ లైను మాత్రం చక్కగా పనిచేస్తోంది. అక్కడ పది కిలోమీటర్ల దూరంలో ఆపరేటర్ తెర మీద అన్నీ పచ్చదీపాలే వెలుగుతున్నాయి. ప్రదర్శన పది నిమిషాలు ముందే మొదలైంది. తొమ్మిది టన్నుల ఉక్కు గది నేల విడిచింది.

"ఆపండి!" అని అరిచాడు మేస్త్రీ. జేబులోంచి ఈల తీసి ఊదాడు. ఒకప్పుడు ఆ ఈలకి సైట్ సైటంతా బిగుసుకుపోయేది. ఇప్పుడు కూలీలందరూ ఆగారు, ట్రక్కులు ఆగాయి, క్రేన్ మాత్రం ఆగలేదు. పైన క్రేన్ గదిలో వినేవాడు లేడు. ముసలాయన ఖాళీ గదికేసి చూస్తూ, ఏడుస్తూ ఈల ఊదుతూనే ఉన్నాడు.

"చేత్తో ఆపే మార్గం లేదా?"

"క్రేన్ కాళ్ల దగ్గర... ఎర్ర మీట! పరిగెత్తు!"

రెండు వందల మీటర్లు. కుజుమి ప్లాస్టిక్ తెర పీకి పారేసి పరిగెత్తాడు. ఉక్కు గది నీడ కంచె దాటింది. క్రేన్ కొమ్ము మూలుగుతోంది. మలుపు తిరగ్గానే అతనికి నీలం కోటు కనిపించింది. ఒరియె అతనికన్నా ముందే మీట వైపు పరిగెడుతోంది. మీట ముందు పసుపు చొక్కా వేసుకున్న ఒక సెక్యూరిటీ గార్డు నిలబడి ఉన్నాడు. మాస్కు పైన ఆ కళ్లు విక్టర్ లాండ్‌వి.

"ఒరియె, ఆగండి!" అని అరిచాడు కుజుమి.

ఆమె ఆగలేదు. సైలెన్సర్ పిస్టల్ రెండుసార్లు దగ్గింది. ఆమె తూలింది కానీ వెనక్కి తగ్గలేదు. లాండ్‌ని తోసుకుని, ఒళ్లంతా మీట మీద వేసి పడిపోయింది. లాండ్ మూడోసారి గురిపెట్టేలోగా కుజుమి అతని నుదుటికి జ్వరం తుపాకీ ఆనించి రెండుసార్లు నొక్కాడు.

పైన ఉక్కు గది ఒక్కసారి ఊగి నిలిచిపోయింది. మొదటి గుడారానికి దానికి మధ్య రెండు బారల దూరం ఉందో లేదో. గుడారం గుమ్మంలో ఒక నర్సు పళ్లెం పట్టుకుని పైకి చూస్తూ నిలబడిపోయింది.

కుజుమి ఒరియె తలని ఒళ్లోకి తీసుకున్నాడు. మాస్కు జారిపోయి ఉంది. ఎర్రటి పెదవులు. ఆమె కోటు మీది వెండి పిన్నుని పీకి నేలకి కొట్టింది.

"నేను మీ మనిషినని వాళ్లకి తెలిసిపోయింది. అందులో మైకు ఉంది. కెమెరా కూడా. సోమవారం నుంచి... ఊపిరి పీల్చినా వాళ్లకి వినిపిస్తుంది. చలేస్తోందంటే మీరు వెంటనే ఏదో చేస్తారు, అది వాళ్లు చూస్తారు. ముద్ర వెయ్యకపోతే మిమ్మల్ని చంపేస్తామన్నారు. మీ ఇల్లు, మీ గది, అన్నీ ఫోటోలు చూపించారు."

"అందుకని ముప్పై రెండు మందిని..."

"లేదండీ. మీట దగ్గరికి నేనే వద్దామనుకున్నాను. ఎత్తడం మొదలయ్యాక మిమ్మల్నేం చేసినా వాళ్లకి లాభం లేదు కదా. లెక్క సరిగ్గానే వేశాను. పది నిమిషాలు ముందు మొదలుపెట్టారు. అదొక్కటీ..."

"మాట్లాడకు." రెండేళ్లలో అతను ఆమెని మొదటిసారి నువ్వు అన్నాడు. "ఒరియె, ఆ ముద్ర వంచి నాకు కబురు పెట్టావు. నేను చూశాను. కాస్త ఆలస్యంగా చూశాను, నన్ను క్షమించు."

ఆమె నవ్వబోయింది. "నీ కోసమే వంచానని చెబితే బాగుంటుంది. నువ్వు జీవితాంతం తలుచుకుంటావు." ఆమె కూడా నువ్వు అంది. "కానీ అబద్ధం. నిటారుగా వేద్దామనే కూర్చున్నాను. తదొకొరో సార్ గడిలో నా చెయ్యి నిటారుగా రాలేదు. దానంతట అదే వంగింది."

అంబులెన్స్ కోసం దూరం వెళ్లనవసరం లేదు. ఆస్పత్రి కంచె అవతలే. నర్సులు స్ట్రెచర్ తెచ్చేసరికి ఆమె లేదు. కుజుమి ఎంత సేపటికీ ఆమెని వదల్లేదు. ఎవరో వచ్చి, మాస్కు లేకుండా అంత దగ్గరగా ఉండకూడదని అతని భుజం తట్టి చెప్పారు. ఈ లోకంలో ఆ మాట చెప్పడమే కుజుమి ఉద్యోగం. అతను తల ఎత్తలేదు.

నిబంధన నిబంధనే. పధ్నాలుగు రోజులు అతన్ని హోటల్ గదిలో క్వారంటీన్‌లో పెట్టారు. ఒరియె అస్థికలు ఏ బంధువుకి ఇచ్చారో కూడా చెప్పలేదు. శుక్రవారం నుంచి ఆమె ఎవరో విభాగానికి తెలియదు. చీఫ్ మాట నిలబెట్టుకున్నాడు.

పన్నెండో రోజు తెర మీద చీఫ్ కనిపించాడు. గడ్డం గీసుకోలేదు.

"లాండ్ నోరు విప్పాడు. కొంగ గూడు మొత్తం ఖాళీ చేయించాం. నీకు శభాష్ చెప్పాలి. కానీ చెప్పలేకపోతున్నానయ్యా."

"చెప్పకండి సార్."

"ఇంకో సంగతి. ఆ కొనుగోలుదార్లు చూశారు కదా. గది రోగుల మీదకి వెళ్లడం, చివరి క్షణంలో ఆగడం. అదంతా ప్రదర్శనలో భాగమనుకున్నారట. లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. పధ్నాలుగు క్రేన్‌లకి ఆర్డరు. అన్నిటికీ అలా ఆగే సదుపాయం తప్పనిసరిగా కావాలట. దాని పేరేమిటని కంపెనీవాళ్లని అడుగుతున్నారు, వాళ్లు నన్ను అడుగుతున్నారు. ఏం చెప్పను?"

కుజుమి కుర్చీ తెర దగ్గరికి జరుపుకున్నాడు.

"హతనాకా అని చెప్పండి."

ఏప్రిల్‌లో అచ్చయిన కేటలాగులో ఆ పేరు నిజంగానే వచ్చింది. హతనాకా స్టాప్, ఎంతటి బరువునైనా ఆఖరి క్షణంలో ఆపుతుంది అని రాశారు. పక్క గడిలో చిన్న అక్షరాల్లో, దీనికి అదనంగా ఏమీ చెల్లించనక్కర్లేదు అని ఉంది.