ఫ్లూ గదిలో మంచం

ఆ రోజు ఇంట్లో నాయన ఇన్నయ్య, నాయనమ్మ పాపమ్మ, సుందరి ఉన్నారు. అమ్మ కరుణమ్మ మాత్రం లేదు. తమ్ముడు యోహానుకు ఫ్లూ జ్వరం వస్తే, నిన్ననే వాణ్ని తీసుకుని గురజాల ఆసుపత్రికి వెళ్ళింది.

అది 1957వ సంవత్సరం. దేశమంతా ఫ్లూ తిరుగుతోంది. ఊళ్ళో బడికి కూడా తాళం పడింది.

నాయన అప్పుడే ఆసుపత్రి నుంచి వచ్చాడు.

"పిల్లోడు ఎట్టుండాడురా?" అంది నాయనమ్మ.

"అమ్మ కొంగు వదలడం లేదు. రొట్టె పాలలో ముంచి పెడితే తింటన్నాడు."

రొట్టె! ఆ ఊళ్ళో జ్వరమొస్తే తప్ప ఎవరూ రొట్టె కొనరు. సుందరికి ఒళ్ళు మండింది. పాలు, రొట్టె, అమ్మ... అన్నీ వాడికే!

"నేనూ వస్తా నాయనా."

"నీకేం రోగమే? గుండ్రాయిలా ఉండావు. జ్వరమొచ్చినోళ్ళనే రానిస్తారక్కడ."

నాయనమ్మ పకపకా నవ్వింది. సుందరి విసవిసా దొడ్లోకి పోయింది.

కంచెకు అడవాముదం కాయలు వేలాడుతున్నాయి. వాటి జోలికి పోవద్దని అమ్మ ఎన్నోసార్లు చెప్పింది.

'అమ్మ మాట నేనెందుకు వినాలి? వాడికి రొట్టె ఉంటే నాకివి ఉన్నాయి. ఎవరికీ పెట్టను' అనుకుంది.

గింజలు పగలగొట్టి నోట్లో వేసుకుంది. వేరుశనగపప్పులా కమ్మగానే ఉన్నాయి. ఇంకొన్ని తింది.

పొద్దు వాలకముందే వాంతులు మొదలయ్యాయి.

"అయ్యో దేవుడా, దీనికీ తగులుకుందిరా జ్వరం!" అంది నాయనమ్మ. నాయన గబగబా బండి కట్టాడు.

గింజల సంగతి సుందరి దాచేసింది. కడుపులో మెలిపెడుతోంది. అయినా లోపల ఒకటే సంతోషం. అమ్మ దగ్గరికి పోతోంది!

ఆసుపత్రి వరండా నిండా చాపల మీద జనం. ఫ్లూ గదిలో ఒక్క మంచమూ ఖాళీ లేదు. అమ్మ గుమ్మం దాకా పరుగెత్తుకొచ్చింది.

"నా తల్లే! నీకూ వచ్చిందా?"

సుందరి అమ్మ కొంగు గట్టిగా పట్టుకుంది.

"ఏమన్నా తిన్నావా పాపా?" అని సిస్టరమ్మ అడిగింది.

సుందరి తల అడ్డంగా ఊపింది.

"అయితే ఫ్లూనే. కరుణమ్మా, ఈ పిల్ల మరీ వాడిపోయింది. పిల్లోణ్ని కింద పడుకోబెట్టి, దీన్ని మంచం ఎక్కించు."

అమ్మ చాప పరిచేలోపే యోహాను మంచం దిగాడు. వాడి కాళ్ళు వణుకుతున్నాయి. మొహం ఎర్రగా కాలిపోతోంది.

"అక్కా, దా. దుప్పటి వెచ్చగుంది, కప్పుకో" అన్నాడు. చాప మీద ముడుచుకుని దగ్గసాగాడు.

సుందరి కొంగు వదిలేసింది.

"నాది జ్వరం కాదు. అడవాముదం గింజలు తిన్నా. అమ్మా, వాణ్ని మంచం ఎక్కించు!"

సిస్టరమ్మ ఉలిక్కిపడింది. "ఓసి పిచ్చిదానా! అది విషమే. నీకు జ్వరం మందు పోసేదాన్ని గదా! ఇన్నయ్యా, పిల్లను ఎత్తుకో. డాక్టరుగారు పక్క వార్డులో ఉన్నారు. కరుణమ్మా, నువ్వు రాగూడదు. ఫ్లూ గదిలో ఉంటున్నవాళ్ళు అక్కడ అడుగు పెట్టకూడదు."

అమ్మ ఏడుస్తూ చేతులు చాపింది.

"నాకు నాయన ఉన్నాడులే అమ్మా. నువ్వు వాడి దగ్గర కూచో" అంది సుందరి.

నాయన భుజం మీద నుంచి వెనక్కి చూసింది. అమ్మ తమ్ముణ్ని ఎత్తి మంచం మీద పడుకోబెడుతోంది.

సిస్టరమ్మ తలుపు మూసేసింది.