సీసాలో పిల్లమబ్బు

ఆ రోజుల్లో భీమిలి జనం ఎవరినీ "బాగున్నారా" అని అడిగేవారు కాదు. తలెత్తి నెత్తిమీద చూసేవారు. మబ్బు తెల్లగా ఉంటే పలకరించేవారు. నల్లగా ఉంటే గొడుగు తెచ్చుకుని మరీ పలకరించేవారు. మబ్బున్న మనిషికి బస్సులో కిటికీ పక్క సీటివ్వాలని చట్టం కూడా వచ్చింది. మబ్బుకి టికెట్టు అడిగిన కండక్టరొకడు ఆ వారమంతా తడిబట్టలతోనే డ్యూటీ చేశాడు.

ఈ మబ్బులన్నీ పుట్టేది ఒడ్డుకి ఎదురుగా సముద్రంలో తేలే సేదదీవిలో. తాగుడు, మాత్రలు, జూదం, దిగులు, ఎందుకో తెలియని భయం, ఏది పట్టుకున్నా మనుషులు పడవెక్కి అక్కడికే వస్తారు. ఒట్టి మందిచ్చి పంపరు. తిండి, నిద్ర, పని, పాట, ఇంటివాళ్ళతో తెగిన మాట, అన్నీ కలిపి చూస్తారు. వచ్చిన ప్రతి మనిషికీ ఒక తోడుమబ్బునిస్తారు. కంటికి ఆనని నీటి తుంపరలు, ఒక్కో తుంపరలో ఒక సెన్సార్. చెమట వాసన, గుండె వేగం, ఊపిరి బరువు కనిపెట్టి, మనసు జారబోయే ముందే అది కిందికి దిగి భుజంమీద కూర్చుంటుంది. తుంపరలు అదిరితే మాట పుడుతుంది. అన్ని మబ్బులదీ ఒకటే గొంతు, దుప్పట్లోంచి మాట్లాడినట్టు.

దాంతోపాటు జేబులో పెట్టుకోవడానికి ఒక చిన్న గాజుసీసా కూడా ఇస్తారు. అందులో పిల్లమబ్బు ఉంటుంది. దానికి లోకం తెలియదట, మనుషుల సంగతులు నేర్పాలట. అది ఎప్పుడేమడిగినా జవాబు చెప్పడం దీవిలో అందరికీ పని.

టగ్గుబోటు నడిపే సరంగు సన్యాసికి ఈ సీసా దగ్గరే నవ్వొచ్చింది. ఏ జేబులో సీసా మానడానికి వచ్చాడో ఆ జేబులోనే మళ్ళీ సీసా పెట్టారు. అతను వెనక ఒకసారి తాగిన ఊపులో టగ్గుని లైట్‌హౌస్‌కి గుద్దాడు. గుద్ది, "రోడ్డుకడ్డంగా నిలబడ్డావేటి?" అని లైట్‌హౌస్‌నే పొద్దుగూకేదాకా తిట్టాడు. లైసెన్సు ఊడింది.

ఇవాళ ఆ లైసెన్సు తిరిగొచ్చే రోజు, లేకపోతే ఎప్పటికీ రాని రోజు. పరీక్షేమిటంటే, తోడుమబ్బుని దీవిలో వదిలి, ఒక్కడే పడవ నడుపుకుంటూ భీమిలి రేవుకెళ్ళి, కూరగాయల బుట్టలు ఎక్కించుకుని, తాగకుండా రావాలి. రేవులో అతని పాత నేస్తం గురువులు కల్లుపడవ కట్టుకుని కూర్చుంటాడు. మూత తీస్తే విశాఖలో పడుకున్నవాళ్ళు కూడా లేచి కూర్చునేంత వాసన.

మధ్యాహ్నం సన్యాసి దీవి రేవుమెట్ల మీద కూర్చుని ఉంటే సీసా పలికింది.

"ఏమండీ, నాకు నిద్ర రావడం లేదు. కళ్ళు మూస్తే ఈ దీవి మునిగిపోతుందనిపిస్తోంది."

"నీకు కళ్ళెక్కడియ్యే?"

"అనిపిస్తోంది అన్నాను."

"మొన్న సెప్పిన వైద్యం సేసినావా? బియ్యం కడుగునీళ్ళ బకెట్టులో కాళ్ళెట్టి, సేపల పేర్లు సదవమన్నాను గదా."

"మబ్బులకి కాళ్ళుంటాయా?"

"నోరున్నదానికి కాళ్ళుండవా? ఎతుక్కో. ఎక్కడో ఉంటాయి."

ఆ వైద్యం ఏ శాస్త్రంలోనూ లేదు. సన్యాసి అప్పటికప్పుడు అల్లాడు. చేపల జాబితాలో వంజరం, చందువ, కానాగంత నిజమే గానీ, మధ్యలో మేనమామ చేప, తాసీల్దారు చేప, అలిగిన పెళ్ళికొడుకు చేప అని కూడా ఇరికించాడు.

అంతలో సన్యాసికి దాహం వచ్చింది. నీళ్ళకి ఒప్పుకునే దాహం కాదు. నాలిక చెక్కబారింది.

"మబ్బూ, దిగే. నావల్ల కాదు!"

అతని తోడుమబ్బు మాట్లాడేముందు "ఖళ్" మని చిన్నగా దగ్గుతుంది. సన్యాసి అది ఉరుమనుకునేవాడు. ఇవాళ ఉరుమూ లేదు, మాటా లేదు. భుజంమీదికి దిగింది గానీ తడిగుడ్డలా కూర్చుంది.

మబ్బు పాడైపోయిందనుకుని సన్యాసి యంత్రశాలకి పరిగెత్తాడు. లోపల మబ్బులన్నిటినీ మాట్లాడించే మహామేధావి యంత్రముంటుందని, దాని లెక్కల వేడికి సముద్రంలో చేపలు పులుసైపోతాయని దీవిలో చెప్పుకునేవారు. తలుపు తోసి చూస్తే పెద్ద ఆవిరి బాయిలరొకటి, కొన్ని గొట్టాలు. పక్కన కుర్చీలో డాక్టర్ కౌముది. ఈ మబ్బుల్ని కనిపెట్టింది ఆవిడే. కళ్ళు మూసుకుంది. కాళ్ళు బియ్యం కడుగునీళ్ళ బకెట్టులో ఉన్నాయి. నెత్తిమీద చిన్న బూడిదరంగు మబ్బు.

"వంజరం... చందువ... మేనమామ చేప..." అంటోంది ఆవిడ.

"మేనమామ చేప..." అంది సన్యాసి జేబులో సీసా.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. బాయిలరు మాత్రం మర్యాదగా వేరేవైపు ఆవిరి వదిలింది.

"యంత్రమేదమ్మా?" అన్నాడు సన్యాసి చివరికి.

"మొదట్లో ఉండేది. అన్నీ సరైన జవాబులే చెప్పేది. అందరూ బుద్ధిగా విని, సరేనని, వెళ్ళి తాగేవారు. పోనీ మనుషుల్నే కూర్చోబెడితే సిగ్గుపడి నోరు విప్పేవారు కాదు. అందుకని ముఖం మబ్బుదీ, మాట మనిషిదీ చేశాను. ఒకరి తోడుమబ్బు ఇంకొకరి సీసాలో పిల్లమబ్బు. ఇక్కడ మబ్బుకి చెప్పుకున్నది అక్కడ సీసా పలుకుతుంది, అక్కడివాళ్ళ జవాబు ఇక్కడ మబ్బు పలుకుతుంది. ఎవరికెవరో నాక్కూడా తెలియదు, చీట్లు తీశాం."

"అంటే నాను ఇన్నాళ్ళూ నా గోడంతా..."

"ఎవరో ఒక మనిషికి చెప్పుకున్నావు. ఎవరికీ చెప్పకు సన్యాసీ, ప్లీజ్."

"ఒట్టమ్మా. సెప్పను."

"అందరూ అలాగే ఒట్టేశారు."

"అందరా?"

"ఒక్కొక్కరే వచ్చి ఈ గది చూసి వెళ్ళారు. తనొక్కడికే తెలుసని ఎవరికివారే అనుకుంటారు. మిగతావాళ్ళ మనసు విరిగిపోతుందని, ఏమీ తెలియనట్టు మబ్బుతో మాట్లాడుతూనే ఉంటారు."

సన్యాసి బకెట్టు వైపు చూశాడు. "అమ్మా, ఆ మేనమామ చేప..."

"ఎక్కడ దొరుకుతుందది? నిన్న ఆ పేరు దగ్గరికి రాగానే నిద్రపట్టేసింది. ఎన్నేళ్ళకో!"

సన్యాసి గొంతు సవరించుకున్నాడు.

"లోతులో ఉంటాదమ్మా. వలకి సిక్కదు."

మెట్లు దిగుతుంటే గానీ దాహం పోయిన సంగతి అతనికి గుర్తు రాలేదు.

తోడుమబ్బుని రేవులో కొక్కేనికి కట్టేసి పడవ తీశాడు. నెత్తిన ఏమీ లేకుండా వెళ్ళడం అదే మొదలు. ఆకాశం మరీ దగ్గరగా వచ్చి తననే చూస్తున్నట్టుంది. నీళ్ళు పాలపుంతలా మెరుస్తున్నాయి. పడవ వాటిమీద పోతోందో, వాటిలో కలలా కరుగుతోందో తెలియడం లేదు.

భీమిలి రేవులో బుట్టలు ఎక్కాయి. గురువులు ముంత పట్టుకుని లేచాడు.

"ఒరే సన్నాసీ! బోడి నెత్తితో వచ్చీసినావేట్రా? నీ మీద నిఘా నేదన్నమాట. ఒక్క ముంత. నీ మబ్బుకి సెప్పన్లే."

నిజమే. చూసేవాళ్ళెవరూ లేరు. సన్యాసి చెయ్యి చాచాడు. ముంత చల్లగా వేళ్ళకి తగిలింది.

జేబు పలికింది. "సన్యాసీ, కళ్ళు మూతలు పడుతున్నాయి. మేనమామ చేప తరవాత ఏంటి?"

"తాసీల్దారు చేప."

"ఆ తరవాత?"

సన్యాసి ముంత గురువులు చేతిలోనే వదిలేసి ఇంజను తిప్పాడు. "ఉండవే, సెప్తన్నాను. అలిగిన పెళ్ళికొడుకు సేప. దాని తరవాత వియ్యపురాలు సేప..."

"ఎవుడితోరా మాటలు?" అని ఒడ్డునుంచి అరిచాడు గురువులు.

"పిల్లకి జో కొడతన్నాను!"

దారి పొడుగునా సముద్రంలో లేని చేపలన్నిటినీ పుట్టించాడు. దీవి కనపడే వేళకి సీసాలోంచి సన్నటి గురక వినిపిస్తోంది. అది మేలుకోకుండా పడవని రేవుకి ఆనించాడు. లైట్‌హౌస్‌ని గుద్దిన మనిషేనా అనిపించేంత మెత్తగా.

సాయంత్రం భోజనాల వరసలో నిలబడ్డాడు. తోడుమబ్బు నెత్తిమీదికి చేరింది.

"మబ్బూ, ఇయాల తాగనేదు."

"ఖళ్" మని ఉరిమింది. నెత్తిమీద ఒకసారి, వరసలో సరిగ్గా తన వెనక ఒకసారి.

"సంతోషం," అంది మబ్బు, కొంచెం బొంగురుగా.

"మజ్జాన్నం పిలిస్తే పలకనేదేం?"

వెనకెవరిదో పళ్ళెం చప్పుడైంది.

"రొయ్యల కూర పెట్టారు మరి."

మబ్బులు రొయ్యలు తింటాయా అని సన్యాసి అడగలేదు. వెనక్కి తిరగనూ లేదు. పళ్ళెం పట్టుకుని ఒక అడుగు ముందుకి జరిగి, వెనకవాళ్ళకి చోటిచ్చాడు.