లక్క కార్ఖానాలో తనిఖీ

అతియా కనిపించడం లేదు.

మధ్యాహ్నం పన్నెండు గంటలకు మొఘల్‌పురాలోని లక్క గాజుల కార్ఖానాలోకి వెళ్లింది. ఒంటిగంటకు ఫోన్ స్విచాఫ్ అయింది. ఇప్పుడు నాలుగు దాటింది.

ఎస్సై కళావతి ఎదురుగా రాహిల్ నిలబడ్డాడు. అతను అతియా భర్త. పెళ్లయి ఇంకా రెండు నెలలు నిండలేదు. ఫోన్ స్విచాఫ్ అయ్యే ముందు అతియా పంపిన వాయిస్ మెసేజ్‌ను అతను మళ్లీ వినిపించాడు. గుసగుసగా ఉంది గొంతు.

"రాహిల్, వీళ్లు చూపెట్టేది అసలుది కాదు. నాకు భయమైతుంది."

అంతే. తర్వాత ఏమీ లేదు.

అతియా చేసే పని ఏమిటో కళావతి అడిగి తెలుసుకుంది. ఒక పెద్ద మందుల కంపెనీ తన సామాజిక బాధ్యత కింద, గాజులు చేసే ఆడవాళ్లను బొగ్గు పొగ నుంచి తప్పించామని చెప్పుకుంటోంది. కార్ఖానాకు కరెంటు పొయ్యిలు ఇచ్చింది. ఆ మాట నిజమో కాదో బయటి మనిషి ఒకరు వచ్చి తేల్చాలి. ఆ బయటి మనిషి అతియా. కంపెనీ ఉద్యోగి కాదు, కార్ఖానా నడిపే సొసైటీ మనిషీ కాదు.

"ఆమె అలవాట్లు చెప్పు భాయ్. పంతాలు గింతాలు, ఏదన్నా సరే."

"పని మీద పోతే మస్తు కఠినం మేడం. పొద్దున పోయిందంటే మళ్ల ఇంటికొచ్చినంకనే చాయ్. చెప్పులు ఇడవకముందే అడుగుతది. నేను సన్న మంట మీద పెట్టి బాల్కనీల నిలవడత. సందు మొగదల కనవడంగనే మంట పెంచుత."

చెబుతూ చెబుతూ నవ్వాడు. మరుక్షణమే ఆ నవ్వు విరిగిపోయింది.

కళావతికీ కొత్తగానే పెళ్లయింది. రోజూ సాయంత్రం ఆమె కోసం కూడా ఒకరు తలుపు దగ్గర నిలబడతారు. ఆ ఆలోచన పక్కనపెట్టి జీపెక్కింది.

కార్ఖానా ఇరుకు సందులో ఉంది. ముందు గది అద్దంలా మెరుస్తోంది. వరసగా కరెంటు పొయ్యిలు. గోడ మీద కంపెనీ బోర్డు. పని చేసే ఆడవాళ్లు ఒక్కరూ లేరు. సెలవిచ్చారట.

కానిస్టేబుల్ భిక్షపతి కార్ఖానా అంతా వెతికాడు. వెనక గదిలో కప్పు దాకా పేర్చిన అట్టపెట్టెలు తప్ప ఏమీ లేవన్నాడు.

అతియాను ఆఖరున చూసినవాళ్లు ముగ్గురు. కళావతి ఒక్కొక్కరినే పిలిచింది.

మొదట ప్రేమ్‌రాజ్. కంపెనీ తరఫున ఈ పనులు చూసే మేనేజర్. ఇస్త్రీ చొక్కా చెమటకు వీపుకు అంటుకుపోయింది.

"గొడవైందా?"

"అయింది."

"ఎందుకు?"

"ఆడవాళ్లతో ఒంటరిగా మాట్లాడతానంది. నేను కూడా ఉంటానన్నాను. కుదరదంది. పొగరు మేడం. మంచినీళ్లు ఇప్పిస్తే గ్లాసు ముట్టలేదు. తన బాటిల్ తనకుందట."

"తర్వాత?"

"కోపమొచ్చి పన్నెండున్నరకు కారెక్కి వెళ్లిపోయాను."

"ఎవరు చూసిన్రు?"

"ఎవరూ చూడలేదు. మీరు ఫోన్ చేశాకే తిరిగొచ్చాను."

రెండో మనిషి జలాలుద్దీన్. సొసైటీ పెద్ద. తెల్ల గడ్డం, మెత్తని గొంతు, అత్తరు వాసన.

"పాపం ఆ బిడ్డ. ప్రేమ్‌రాజ్ సాబ్ గుస్సతోని పోయినంక నేనే కూసోబెట్టి సముదాయించిన. చాయ్ తెప్పించిన. బిస్కెట్ ముంచుకొని తిన్నది. ఇంకో కప్పు అడిగి తాగింది. ఫలక్‌నుమాల రైలెక్కుత అని ఆటోల పోయింది."

ఆ మాటలు ఎక్కడా తేడాగా వినిపించలేదు. కళావతి పుట్టి పెరిగింది కూడా పాతబస్తీలోనే. గడప తొక్కిన మనిషిని ఇక్కడెవరూ ఉత్త నోటితో పంపరు.

మూడో మనిషి ఖైసర్ బేగం. ఆడవాళ్లకు పని పంచి ఇచ్చేది ఆమే. ఏమీ చూడలేదంది. అడిగినదానికల్లా తల అడ్డంగా ఊపింది. మధ్య మధ్య కొంగు అడ్డం పెట్టుకుని దగ్గింది.

ఫలక్‌నుమాకు పంపిన భిక్షపతి ఫోన్ చేశాడు. స్టేషన్ కెమెరాల్లో అతియా లేదు.

కళావతి చూపు ప్రేమ్‌రాజ్ మీద పడింది. గొడవ పడ్డవాడు. సాక్షి లేనివాడు. అతని కారు డిక్కీ తెరవమంది. మూత లేస్తుంటే కళ్లు మూసుకుంది. తెరవాలంటే ధైర్యం చాలలేదు.

లోపల స్పేర్ టైరు ఒక్కటే ఉంది.

ఊపిరి వదిలింది. కానీ భయం ఇంకా పెరిగింది. మరి ఎక్కడ?

అరుగు మీద కూలబడ్డ రాహిల్ ఎవరితోనో కాదు, తనలో తాను అనుకుంటున్నాడు. ఈ యాల్లకు రోజూ చాయ్ పెట్టేటోణ్ని అని.

కళావతి ఆగిపోయింది.

తిరిగి లోపలికి నడిచింది. ముగ్గురినీ ముందు గదిలో నిలబెట్టింది.

"ప్రేమ్‌రాజ్ గారూ, మీకు పొగరు అనిపించింది ఆమె కట్టుబాటు. ఎవరి పని తనిఖీ చేస్తదో వాళ్ల చేతి మంచినీళ్లు కూడ ముట్టది. ముడితే, రేపు ఆమె రాసే మాటను ఎవరు నమ్ముతరు? మీరు నిజమే చెప్పిన్రు." ఆమె పక్కకు తిరిగింది. "జలాల్ సాబ్, మీ నీళ్లు ముట్టని మనిషి మీ చాయ్ రెండు కప్పులు ఎట్ల తాగింది?"

జలాలుద్దీన్ గడ్డం నిమురుకున్నాడు.

"ఇంటికొచ్చిన ఆడబిడ్డను చాయ్ ఇయ్యకుండ పంపిన అని ఏ నోటితోని చెప్పాలె మేడం? పరువు గురించి ఒక మాట..."

"సరే, చాయ్ అబద్ధం. ఆమెను పంపిన మాటన్న నిజమేనా?"

ఖైసర్ బేగం మళ్లీ దగ్గింది.

"నా పెళ్లి గాజులు లాడ్ బజార్ల నా ముందే చేసిన్రు," అంది కళావతి. "గాజులు చేసినాయన బల్ల నిండ లక్క మరకలే. ఈ పొయ్యిల మీద ఒక్క చుక్క లేదు. మరి గాజులు ఎక్కడ చేస్తున్నరు ఆపా? ఈ దగ్గు మీకు ఎక్కడ అంటుకుంది?"

ఖైసర్ బేగం కొంగు ముడి విప్పింది. తాళంచెవి బయటికొచ్చింది. దాన్ని కళావతి చేతిలో పెట్టింది.

"అట్టపెట్టెల ఎన్క దర్వాజ ఉంది మేడం. నోరు తెరిస్తే అందరి పని పోతదన్నడు జలాల్ సాబ్." ఆమె వెనక గది వైపు చేయి చూపింది. "పొద్దుగాల పెట్టిన కుంపట్లు... ఆర్పలే."

కళావతి పరుగెత్తింది. రాహిల్ ఆమె కంటే ముందే ఉన్నాడు. అట్టపెట్టెలన్నీ ఖాళీవే. దూది మూటల్లా ఎగిరిపడ్డాయి. వాటి వెనక పొట్టి చెక్క తలుపు. తాళంచెవి ఒకసారి జారింది. రెండోసారి తిరిగింది.

వేడి మొహాన కొట్టింది. లోపల కిటికీ లేదు. బూడిద కింద నిప్పులు ఇంకా ఎర్రగా ఉన్నాయి. గడప దగ్గర, తలుపు కింది సందుకు ముక్కు ఆనించి బోర్లా పడి ఉంది అతియా. మొహానికి తడి దుపట్టా చుట్టుకుంది. పక్కన ఖాళీ బాటిల్.

రాహిల్ ఆమెను ఎత్తుకుని బయటికి తెచ్చాడు. చాలాసేపు ఆమె కదల్లేదు. అతను పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాడు. ఆఖరికి ఒక్క దగ్గు వచ్చింది. దాని వెనకే ఊపిరి.

సంకెళ్లు పడుతుంటే జలాలుద్దీన్ నేల చూస్తూ మాట్లాడాడు. వెనక గది చూసేసిందని, బెదిరిద్దామనే ఫోను లాక్కుని తాళం వేయించానని, ఆ తర్వాత తలుపు తెరవడానికి తనకే భయం వేసిందని చెప్పాడు. కరెంటు బిల్లుకని కంపెనీ ఇచ్చిన డబ్బు అతని జేబు దాటి ఎన్నడూ మీటరు దాకా రాలేదు.

అంబులెన్సు వచ్చింది. ఆక్సిజన్ మాస్కుతో అతియా మెట్టు మీద కూర్చుంది. రాహిల్ ఆమె పాదాలు ఒళ్లో పెట్టుకుని బూడిద తుడుస్తున్నాడు. ఎందుకు తుడుస్తున్నాడో అతనికే తెలియదు.

ప్రేమ్‌రాజ్ మెల్లగా దగ్గరికొచ్చాడు.

"మేడం, మా కంపెనీకి ఇదేదీ తెలియదు. రిపోర్టులో ఆ ఒక్క మాట..."

అతియా మాస్కు పక్కకు లాగింది. మాట బొంగురుగా వచ్చింది.

"రెండేండ్ల సంది ముందటి గదిల ఫొటోలు తీసుకొని పోతున్నరు సార్. ఒక్కసారి ఎనక గదిలకు పోయి రండ్రి. వచ్చినంక ఏం రాయాల్నో మీరే చెప్పుండ్రి."

ప్రేమ్‌రాజ్ కళావతి వైపు చూశాడు. ఆమె పక్కకు జరిగి దారి ఇచ్చింది. అతను జేబురుమాలు తీశాడు. మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. కరెంటు పొయ్యిల వరస దాటి, అట్టపెట్టెలు దాటి, తల వంచి ఆ పొట్టి తలుపులోకి వెళ్లాడు.

కొంచెంసేపటికి లోపలి నుంచి దగ్గు మొదలైంది.

అతను బయటికొచ్చాక కూడా అది ఆగలేదు.