గాలికెత్తిన చున్నీ

విజయవాడ మునిగిన ఏడాది. ఆ వరద తీసిన రెండు నెలలకు, రెంటచింతల మిరప చేలకు నల్ల తామర పురుగు పట్టినప్పుడు జరిగింది ఇది.

పొద్దున్నే శౌరి అరుగు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. మనవరాలు జాస్మిన్ బూట్లు వేసుకుని బయటికి వచ్చింది. మందు కొట్టే డ్రోన్ నడపడం గుంటూరులో పదిహేను రోజులు నేర్చుకున్న పిల్ల. ఆ రోజు మస్తాన్‌రావు చేలో వ్యవసాయ ఆఫీసరు ముందు కొట్టి చూపించాలి. సరిగ్గా కొడితే మహిళా సంఘం డ్రోన్ ఆమె చేతికి వస్తుంది. లేకపోతే పక్క ఊరికి పోతుంది.

“చున్నీ ఏదే?” అన్నాడు శౌరి.

“వేలాడే గుడ్డ ఉండకూడదు తాతయ్యా. రెక్కల్లో పడితే మెడకి ఉరి అయిద్ది.”

“అయితే పోవద్దు.”

జాస్మిన్ ముఖం ఎర్రబడింది. లోపలి నుంచి కోడలు రేచల్ వచ్చింది.

“మామయ్యా, నాలుగు నెలల నుంచి ఈ రోజు కోసమే కదా అది...”

“చేలో ఇరవై మంది మగోళ్లుంటారు.”

“ఉంటే?” అంది భార్య ఆదెమ్మ చాట పక్కన పెట్టి. “నేను ఓణీ బొడ్లో దోపుకుని మోకాటి లోతు బురదలో నాట్లేశా. అప్పుడు లేని సిగ్గు ఇప్పుడెందుకొచ్చిందయ్యా నీకు?”

చున్నీ అనే మాట ఆ ఇంటికి రేచల్ పంజాబీ డ్రెస్సులతో పాటు వచ్చింది. శౌరి అక్కచెల్లెళ్లకు ఓణీ తప్ప వేరే మాట తెలియదు. మాట కొత్తదైనా పట్టుదల మాత్రం ఆయన పాతది. ఆ గుడ్డ లేకుండా ఆడపిల్ల గడప దాటకూడదు.

జాస్మిన్ లోపలికి వెళ్లి ఎర్ర చున్నీ కప్పుకుని వచ్చింది. “చాలా?” అని విసురుగా వెళ్లిపోయింది. శౌరికి నమ్మకం కుదరలేదు. కర్ర తీసుకుని వెనకే బయలుదేరాడు.

ఆయన చేను చేరేసరికి డ్రోన్ గాల్లో ఉంది. జాస్మిన్ మాస్కు కట్టుకుని రిమోటు పట్టుకుంది. చున్నీ గట్టు మీద పడి ఉంది.

“ఏంది శౌరి మామా, మీ పిల్ల అప్పుడే ఆఫీసరమ్మ అయిపోయిందే! చున్నీ తీసి గట్టునేసింది,” అన్నాడు మస్తాన్‌రావు. పక్కవాళ్లు నవ్వారు.

శౌరికి తల కొట్టేసినట్టయింది. ఆ చున్నీ ఆమె మీద కప్పి, చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోదామనుకున్నాడు. వంగి తీశాడు. తీయగానే దాని కొస రోడ్డు వైపు ఎగిరింది.

శౌరి ఆగిపోయాడు. వచ్చేటప్పుడు గాలి ఎదురు కొట్టింది. ఇప్పుడు వీపున కొడుతోంది. రోడ్డు పక్కన ఎనిమిది మంది కూలి ఆడవాళ్లు క్యారేజీలు విప్పుకుని అన్నం తింటున్నారు. డ్రోన్ అటే పోతోంది. జాస్మిన్ కళ్లు మిరప సాళ్ల మీదే ఉన్నాయి. మొదలుపెట్టినప్పుడు చూసుకున్న గాలి తిరిగిన సంగతి ఆమెకు తెలియదు.

“అమ్మాయ్! ఆపు!” అని అరిచాడు. రెక్కల మోతలో వినపడలేదు.

గబగబా చున్నీని కర్రకు ముడేసి, గట్టు ఎక్కి, రెండు చేతులా పైకెత్తాడు. ఎర్ర గుడ్డ బారుగా రోడ్డు వైపు సాగింది. జాస్మిన్ తలెత్తింది. చున్నీని చూసింది, ఆడవాళ్లను చూసింది. మందు ఆపేసి డ్రోన్ దించేసింది.

చేలో ఎవరూ నవ్వలేదు.

పిల్ల పరుగెత్తుకుంటూ వచ్చింది. “ఇంకొంచెమైతే వాళ్ల అన్నంలో పడేది తాతయ్యా...”

“పడలేదుగా. ఆడోళ్లని ఇటు పక్కకి రమ్మను. నువ్వు ఆ చివర నుంచి మొదలెట్టు. గాలి ఎటుంటే మందు అటు పోయిద్ది. నీ కన్ను దీని మీద ఉంచు, నేను పట్టుకుంటా.”

ఆడవాళ్లు క్యారేజీలు ఎత్తుకుని ఇవతలికి వచ్చారు. నాలుగెకరాలు అయ్యేదాకా శౌరి కర్ర దించలేదు. చివరి సాలు కూడా సమంగా తడిసింది. ఆఫీసరు ఆకులు తిప్పి చూసి, “డ్రోన్ ఈ అమ్మాయికే,” అన్నాడు. కూలి ఆడవాళ్లు ఈలలేశారు.

“మామా, రేపు కారంపూడిలో మా బావమరిదికి పన్నెండెకరాలుంది. పిల్లని పంపుతావా?” అన్నాడు మస్తాన్‌రావు. ఈసారి గొంతులో వెటకారం లేదు.

“నన్నెందుకు అడగటం? పైలట్‌ని అడుగు.”

జాస్మిన్ అలవాటుగా కర్ర నుంచి చున్నీ విప్పబోయింది. శౌరి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. కండువాతో కళ్లు తుడుచుకుని, “అది ఆడనే ఉండనీ,” అన్నాడు.

మర్నాడు పొద్దున్నే శౌరి దొడ్లో నాలుగు వెదురు కర్రలు కొట్టాడు. ఇంట్లోకి వచ్చి దండెం మీద ఉన్న చున్నీలు ఒక్కొక్కటే లాగాడు.

“ఏందయ్యా, పిల్ల చున్నీలన్నీ పట్టుకుపోతన్నావు?” అంది ఆదెమ్మ.

“పన్నెండెకరాలు మరి. నాలుగు మూలలకీ కావాలి,” అని చెప్పి, కర్రలు భుజానేసుకుని బస్టాండు వైపు నడిచాడు.